రాగిరేకులూ, సౌండు కార్డులూ

మా అమ్మకు మంగళహారతులు, లాలిపాటలు కలిపి నలభై దాకా వచ్చు. ఏ ఒక్కటీ పుస్తకంలో లేదు. చిత్తూరులో మా వీధిలో సీమంతమన్నా, పెళ్లన్నా అమ్మకు కబురు రావలసిందే. మొన్న వరలక్ష్మీ వ్రతం నాడు హారతి పాడుతూ మూడో చరణం దగ్గర ఆగిపోయింది. “ఏమోనే, నోటికి రావడం లే” అని నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అమ్మ పాటలన్నీ రికార్డు చేసి తీరాలని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను.

చేతిలో ఫోను పెట్టుకుని దానికింత ఆలోచనెందుకని మీరు అడగవచ్చు. ఫోనులోనూ తీశాను. పాపం, అది మాటల కోసం పుట్టిన వస్తువు. పాట చివర సన్నగా సాగే రాగాన్ని చుట్టుపక్కల చప్పుడనుకుని నొక్కేసింది!

రాగం పోతే ఏమవుతుందో మా తిరుపతి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నమయ్య (1408–1503) ముప్ఫై రెండు వేల సంకీర్తనలు చెప్పాడంటారు. కొడుకు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక రాతి గదిలో దాచాడు. 1922 ప్రాంతంలో ఆ రేకులు మళ్లీ లోకం కంటబడ్డాయి. పన్నెండు వేలకు పైగా పాటలు దక్కాయి. ప్రతి పాట మీదా రాగం పేరు ఉంది. స్వరం మాత్రం లేదు. చెవిలో పడ్డదాన్ని రాగి మీద ఎలా చెక్కుతారు మరి! రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారివంటి పెద్దలు కూర్చుని, ఎన్నో కీర్తనలకు కొత్తగా స్వరం కట్టవలసివచ్చింది. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక అవి ఇంటింటా మోగాయి. మనం పూజగదిలో పాడుకునే వరసలు చాలామటుకు మన కాలంలో కట్టినవే. ఆయన ఎలా పాడాడో ఇక తెలియదు.

మా అమ్మది తలకిందుల వ్యవహారం. వరస ఉంది, రేకే లేదు.

ఆ రేకు కోసం వెతుకుతూ వెళితే సౌండు కార్డు కథ దొరికింది. హిస్టరీ బి.ఎ. చదివినదాన్ని కదా, ఏ వస్తువైనా ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు కావాలి. 1981లో ఐ.బి.ఎం. వారి ఇంటి కంప్యూటరు వచ్చినప్పుడు దానికి ‘కీచు’మనడం తప్ప మరేమీ రాదు. 1987లో కెనడాలో సంగీతం ప్రొఫెసరుగా పనిచేసినాయన ‘యాడ్‌లిబ్’ అనే కార్డు చేయించాడు. దానితో కంప్యూటరుకు నోరు వచ్చింది, చెవులు రాలేదు. ఆ చెవులు పెట్టినవాడు సింగపూరులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంతో మొదలైన సిమ్ వాంగ్ హూ. 1989లో వచ్చిన ఆయన ‘సౌండ్ బ్లాస్టర్’కి మైకు తగిలించుకునే చోటుంది. ఆయన మౌతార్గన్ వాయించేవాడట. సంగీతం పిచ్చి ఉన్నవాళ్లు తప్ప ఇలాంటి పని ఎవరు పెట్టుకుంటారు!

ఆ తొలి కార్డు గొంతు ఎత్తుపల్లాలను 256 మెట్లలో కొలిచేది. 1992 నాటి కార్డు 65,536 మెట్లలో, సెకనుకు 44,100 సార్లు కొలిచింది. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. లెక్క మీరే వేసుకోండి. మెట్లు ఎంత చిన్నవైతే గమకం అంత నునుపుగా దక్కుతుంది. 1997లో ఇంటెల్ ఒక పద్ధతి ఏర్పరిచాక, ఈ పనంతా కంప్యూటరు లోపలి పలకలోకే చేరిపోయింది. కార్డులు అంగళ్లలో కనబడకుండా పోయాయి.

“లోపలే ఉందిగదక్కా, మళ్లా వేరే ఎందుకు?” అన్నాడు తిరుపతిలో అంగడి అబ్బాయి. సరేనని మైకు నేరుగా తగిలించాను. అమ్మ విని, “ఏందే ఇది, పోపు చిటపటలాడినట్టుంది” అంది. లోపల ఫ్యాను, కరెంటు పక్కపక్కనే కాపురం చేస్తుంటే వాటి గొడవంతా పాటలో కలవదూ? అందుకే బయట యు.ఎస్.బి. తీగతో తగిలించే పెట్టె కొన్నాను. పోపులపెట్టెకంటే చిన్నది.

మొదటిరోజు మైకు మూగనోము పట్టింది. ఒక పూటంతా తిట్టుకున్నాక తెలిసింది, ఆ రకం మైకుకు 48 వోల్టులు అందాలని, పెట్టె మీద ‘48’ అని రాసిన మీట నొక్కాలని. నొక్కాను. పలికింది. వెంట తుమ్మెద ఝంకారం! ల్యాప్‌టాప్‌ నుంచి చార్జరు పీకేస్తే తుమ్మెద ఎగిరిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, మా గోడ ప్లగ్గులో మూడో రంధ్రానికి అసలు ఎర్తు తీగే లేదన్నాడు. ఇన్నేళ్లుగా ఇస్త్రీ పెట్టె దానికే పెడుతున్నాను! పాట మాట అటుంచి, మీరూ ఒకసారి చూపించుకోండి.

తర్వాత హెడ్‌ఫోను పెడితే అమ్మ గొంతు అమ్మకే ఆలస్యంగా వినిపించింది. “ఎవరో నన్ను ఎక్కిరిస్తుండారే” అని తీసి పారేసింది. కంప్యూటరు పాటను కాస్త కాస్త పోగుచేసుకుని ఒక్కసారిగా వడ్డిస్తుందట. ఆ పోగును బఫర్ అంటారు. దాన్ని తగ్గించాను. అయినా అమ్మ హెడ్‌ఫోను ముట్టుకోలేదు.

ఇప్పటికి పదిహేడు పాటలు చేరాయి. ఒకదాని మధ్యలో పక్కింటి కుక్కరు విజిలు కూడా ఉంది. తీసేద్దామంటే “ఉండనీలే” అంది అమ్మ.

ఆ మూడో చరణం మాత్రం మదనపల్లె చిన్నమ్మకు వచ్చునట. ఆదివారం బయలుదేరుతున్నాం. చార్జరు ఇంట్లోనే వదిలేయమంది అమ్మ.