పోషకుల నుంచి ప్రాయోజకుల దాకా: ఉపఖండంలో ప్రపంచ కప్పు పోటీలు

ఉత్సవం ఏదైనా దాని వ్యయం భరించేవారు ఒకరు ఉండక తప్పదు. అఖండ దీపానికి గొర్రెలను, ఆవులను దానం చేసినవారి పేర్లు ద్రాక్షారామ శాసనాలలో నేటికీ కనిపిస్తాయి. ఆ దాతలు కోరినది పుణ్యం, దానితోపాటు శిలపై నిలిచే పేరు. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో దాత స్థానంలోకి వచ్చిన వ్యక్తికి మన ఆకాశవాణి, దూరదర్శన్‌లు ‘ప్రాయోజకుడు’ అని పేరు పెట్టాయి. ప్రాయోజకుడు పుణ్యం కోరడు. తాను వెచ్చించిన ధనానికి బదులుగా ఏమి లభిస్తుందో ముందుగానే లెక్క అడుగుతాడు. ఈ మార్పు మన దేశంలో ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి 1987, 1996 సంవత్సరాలలో ఉపఖండంలో జరిగిన క్రికెట్ ప్రపంచ కప్పు పోటీలు మంచి ఉదాహరణలు.

స్వాతంత్ర్యానికి పూర్వం క్రికెట్‌ను పోషించినవారు సంస్థానాధీశులు, జమీందారులు. హైదరాబాద్‌లో 1930-31లో ఆరంభమైన స్వర్ణ కప్పు పోటీలకు నవాబు మొయినుద్దౌలా పేరు స్థిరపడింది. శాసనోల్లంఘన ఉద్యమ కారణంగా ఆ ఏడాది ఇంగ్లండు జట్టు రాక ఆగిపోగా, విజయనగరం మహారాజకుమారుడు స్వయంగా ఒక జట్టును సమకూర్చి, జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి సుప్రసిద్ధ ఆటగాళ్లను రప్పించి, భారత్, సింహళాలలో పర్యటింపజేశారు. 1934లో పటియాలా మహారాజు రంజీ ట్రోఫీని బహూకరించారు. ఈ ఔదార్యం వెనుక స్వప్రయోజనం లేదనలేము. 1936లో ఇంగ్లండు పర్యటనకు విజయనగరం రాకుమారుడు నాయకుడు కావడానికి ఆయన క్రీడానైపుణ్యం కంటే హోదా, ధనం ఎక్కువగా తోడ్పడ్డాయన్నది చరిత్రకారుల సాధారణ అభిప్రాయం. పోషకుడు ప్రతిఫలాన్ని కీర్తి రూపంలోను, అధికార రూపంలోను పొందేవాడు. దానికి ఒప్పంద పత్రం మాత్రం ఉండేది కాదు.

ఒప్పంద పత్రం వాణిజ్య సంస్థలతో వచ్చింది. 1975, 1979, 1983 సంవత్సరాలలో మొదటి మూడు ప్రపంచ కప్పులు ఇంగ్లండులోనే జరిగాయి. ప్రుడెన్షియల్ బీమా సంస్థ ప్రాయోజకత్వం వహించినందున వాటికి ప్రుడెన్షియల్ కప్పు అనే పేరు వచ్చింది. 1983 జూన్ 25న లార్డ్స్ మైదానంలో కపిల్ దేవ్ జట్టు వెస్టిండీస్‌ను 43 పరుగుల తేడాతో ఓడించింది. ఆనాటి భారత క్రికెట్ మండలి అధ్యక్షులు ఎన్.కె.పి. సాల్వే ఆ తుది పోటీకి అదనంగా రెండు ప్రవేశ పత్రాలు అడిగితే నిరాకరించారనీ, ప్రపంచ కప్పును మన గడ్డకు తేవాలనే సంకల్పం అక్కడే పుట్టిందనీ చెబుతారు. కారణం ఏదైనా, ఆ సంవత్సరమే ఆసియా దేశాల క్రికెట్ సంఘం ఏర్పడింది. భారత్, పాకిస్తాన్‌లు ఉమ్మడిగా ఆతిథ్యం కోరాయి. పాల్గొనే దేశాలకు, అనుబంధ సభ్య దేశాలకు ఇంగ్లండు ఇచ్చినదానికంటే ఎక్కువ సొమ్ము ఇస్తామని హామీ ఇచ్చి, 1984లో ఆ హక్కును సాధించాయి.

హామీ ఇవ్వడం ఒక ఎత్తు, సొమ్ము సమకూర్చడం మరొక ఎత్తు. సాల్వే అధ్యక్షతన ఏర్పడిన సంయుక్త నిర్వాహక సంఘంలో ఐ.ఎస్. బింద్రా, జగ్‌మోహన్ దాల్మియా వంటివారు పనిచేశారు. ప్రుడెన్షియల్ సంస్థ తప్పుకున్నది. దాని స్థానంలో భారతీయ సంస్థను ఒప్పించవలసి వచ్చింది. ధీరూభాయి అంబానీ స్థాపించిన రిలయన్స్ సంస్థ ముందుకు వచ్చింది. కప్పు రిలయన్స్ కప్పు అయింది.

ఇటువంటి సంస్థ ఎదుట నిర్వాహకులు ఏమి ఉంచగలరు? ఆటలోని గెలుపోటములను ఉంచలేరు, అవి ఎవరి చేతిలోనూ లేవు. వారు ఉంచగలిగినవి నాలుగు: పోటీకి పేరు, మైదానం చుట్టూ ప్రకటన ఫలకాలకు చోటు, ప్రముఖుల సరసన ఆసనాలు, అన్నిటికీ మించి వీక్షకుల చూపు. ఈ చివరిదానికి విలువ అప్పుడే పెరుగుతున్నది. 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారాలు వచ్చాయి. 1984 జూలైలో ఆరంభమైన ‘హమ్ లోగ్’ ధారావాహిక ప్రాయోజిత కార్యక్రమాలకు దారి చూపింది. ఒక్క మైదానంలోని వేలమందికి చూపే ప్రకటన ఫలకం ఇప్పుడు కోట్లమంది ఇళ్లలో కనబడుతుంది. నిర్వాహకుల ప్రతిపాదనకు బలం అక్కడే ఉంది.

1987 అక్టోబరు 8 నుంచి నవంబరు 8 వరకు భారత్‌లో 14, పాకిస్తాన్‌లో 7 కేంద్రాలలో 27 పోటీలు జరిగాయి. ఇక్కడ పగటి వెలుగు తక్కువ కావడం వల్ల ఓవర్లను 60 నుంచి 50కి తగ్గించారు. ఆ సంఖ్య నేటికీ నిలిచింది. అక్టోబరు 10న హైదరాబాద్ లాల్ బహదూర్ మైదానంలో జింబాబ్వే ఆటగాడు డేవ్ హౌటన్ 142 పరుగులు చేసినా న్యూజీలాండ్ 3 పరుగులతో గట్టెక్కిన పోటీని చూసినవారు మరువలేరు. ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా ఇంగ్లండును 7 పరుగులతో ఓడించింది. ఇంగ్లండు వెలుపల ప్రపంచ కప్పు నిర్వహణ సాధ్యమని రుజువైంది.

అయితే నిర్వాహకులు అమ్ముతున్న వీక్షకుల చూపు ఎవరి సొత్తు? ఈ ప్రశ్న 1993 నవంబరులో న్యాయస్థానానికి చేరింది. బెంగాల్ క్రికెట్ సంఘం తన వజ్రోత్సవ సందర్భంగా నిర్వహించిన హీరో కప్పు ప్రసార హక్కులను విదేశీ సంస్థకు ఇవ్వడంతో దూరదర్శన్‌కు, సంఘానికి వివాదం తలెత్తింది. 1995 ఫిబ్రవరి 9న సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదనీ, ప్రజా ప్రయోజనం దృష్ట్యా స్వతంత్ర ప్రాధికార సంస్థ వాటిని నియంత్రించాలనీ పేర్కొన్నది. ఆ ధర్మాసనంలో ప్రత్యేక తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానంలో పనిచేసినవారు. గుత్తాధిపత్యం ప్రభుత్వానిదైనా, ప్రైవేటు సంస్థలదైనా పౌరుని హక్కుకు ముప్పేనని ఆయన హెచ్చరించారు.

ఆ తీర్పు వెలువడిన మరుసటి ఏడాదే భారత్, పాకిస్తాన్, శ్రీలంకలు కలిసి మరో ప్రపంచ కప్పును నిర్వహించాయి. ఐ.టి.సి. వారి సిగరెట్ల పేరు మీద అది విల్స్ ప్రపంచ కప్పు అయింది. బెంగుళూరులో జన్మించి అమెరికాలో స్థిరపడిన మార్క్ మస్కరెన్హస్ సంస్థ వరల్డ్‌టెల్ ప్రసార హక్కులను కోటి డాలర్లకు కొన్నది. 1977లో దేశం విడిచి 1993లో తిరిగి వచ్చిన కోకాకోలా అధికారిక పానీయమైంది. హక్కు దక్కని పెప్సీ ‘మాలో అధికారికమేదీ లేదు’ అనే భావంతో ప్రచారం సాగించి, డబ్బు పెట్టి కొన్న అధికారిక ముద్రనే పరిహాసం చేసింది. పేరు కొనవచ్చు గాని జనం మనసు ఒప్పందంలో రాదని ప్రాయోజకులందరికీ అది పాఠమైంది. హైదరాబాద్‌లో వెస్టిండీస్, జింబాబ్వేలు తలపడగా, విశాఖపట్నంలో కెన్యాపై వా సోదరులు 207 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పారు.

జనవరి 31న కొలంబోలో జరిగిన పేలుడు తరువాత ఆస్ట్రేలియా, వెస్టిండీస్‌లు అక్కడ ఆడటానికి నిరాకరించాయి. అప్పుడు భారత్, పాకిస్తాన్ ఆటగాళ్లు ఒకే జట్టుగా హైదరాబాదీ అజహరుద్దీన్ నాయకత్వంలో కొలంబో వెళ్లి, శ్రీలంకకు సంఘీభావంగా ఫిబ్రవరి 13న ఆడారు. విభజన తరువాత అంతటి అపురూప దృశ్యం అరుదు. ఆ జట్టును విల్స్ జట్టుగా వ్యవహరించారు. రెండు దేశాల మైత్రికి సిగరెట్ పేరు తగిలించవలసి రావడం గురించి ఆనాడు పెద్దగా ఆలోచించినవారు లేరు.

ఆలోచన తరువాత వచ్చింది. 1999 నుంచి ప్రపంచ కప్పును ఏ సంస్థ పేరుతోనూ కాక అంతర్జాతీయ క్రికెట్ మండలి పేరుతోనే పిలుస్తున్నారు. 2001లో ఐ.టి.సి. భారత జట్టు ప్రాయోజకత్వం నుంచి వైదొలగింది. 2003లో పార్లమెంటు చేసిన చట్టం పొగాకు ఉత్పత్తుల ప్రాయోజకత్వాన్ని నిషేధించింది. జాతీయ ప్రాముఖ్యం గల క్రీడల ప్రసారాలను ప్రసార భారతితో పంచుకోవాలని 2007 చట్టం నిర్దేశించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో చట్టం రావడంతో, భారత జట్టు దుస్తులపై ఉన్న డ్రీమ్ ఎలెవన్ పేరు తొలగిపోయింది.

ఈ చరిత్రను బట్టి ప్రాయోజకత్వమే దోషమని నిర్ణయించడం సమంజసం కాదు. అది లేకుంటే 1987లో ప్రపంచ కప్పు మన గడ్డకు వచ్చేదే కాదు. పోషకులను వెతుక్కోవడం నేటి సంగీత సభలకు, నాటక పరిషత్తులకు కూడా అనివార్యమే. విచారించవలసినది మరొకటి. నిర్వాహకుడు వ్యాపారి ఎదుట ఉంచే జాబితాలో తనకు చెందినవి కొన్ని, ప్రజలకు చెందినవి కొన్ని ఉంటాయి. మైదానంలోని చోటు, ఫలకం, ఆసనం అతనివి. ప్రసార తరంగాలు, జాతి గౌరవం, బాలుర ఆరోగ్యం అతనివి కావు. ఈ గీత ఎక్కడుందో మొదట ఎవరికీ తెలియలేదు. న్యాయస్థానాలు, చట్టసభలు ఒక్కొక్కటిగా దానిని గీస్తూ వచ్చాయి, ప్రతిసారీ ఒప్పందం జరిగిన చాలాకాలం తరువాతనే. ఒప్పందానికి ముందే నిర్వాహకులు తమంతట తామే ఆ గీతను గుర్తించగలిగితే, దీపానికి గొర్రెలనిచ్చిన ఆనాటి దాతల పేర్లవలె ఈనాటి ప్రాయోజకుల పేర్లు కూడా గౌరవంగా నిలుస్తాయి.