సలహా నిర్మాత: హక్కుకు బదులు బిరుదు

నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు, లేదా తెచ్చేవాడు అని సినిమావాళ్లకూ మనకూ అలవాటైన అర్థం. అమెరికన్ టెలివిజన్‌లో ఆ మాటకు ఆ అర్థం చాలావరకు పోయింది. అక్కడి సీరియళ్ల టైటిల్సులో కనిపించే నిర్మాతల్లో చాలామంది రచయితలే. స్టాఫ్ రైటరుగా చేరినవాడు స్టోరీ ఎడిటరై, కో ప్రొడ్యూసరై, ప్రొడ్యూసరై, సూపర్‌వైజింగ్ ప్రొడ్యూసరై మెట్లెక్కుతాడు. కన్సల్టింగ్ ప్రొడ్యూసరు, అంటే సలహా నిర్మాత, ఈ నిచ్చెనకు పక్కన నిలబడినవాడు. సాధారణంగా అతను చేయి తిరిగిన రచయిత. వారంలో కొన్ని రోజులు రచయితల గదికి వచ్చి, కథ ఎక్కడ కుంటుతున్నదో చెప్పి, స్క్రిప్టు సరిదిద్ది వెళతాడు. మార్టీ నాక్సన్ అనే రచయిత్రి ‘మ్యాడ్ మెన్’ సీరియల్‌కు పనిచేసింది ఈ హోదాలోనే. పెట్టుబడితో ఈ పనికి సంబంధం లేదు. మరి రచయితను రచయిత అనక నిర్మాత అనడమెందుకు?

1933లో హాలీవుడ్ రచయితలు స్క్రీన్ రైటర్స్ గిల్డ్‌ను కార్మిక సంఘంగా నిలబెట్టి, జాన్ హోవర్డ్ లాసన్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. (అభ్యుదయ రచయితల తెనాలి మహాసభ 1943లో జరిగింది, దానికి అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు ‘మాలపిల్ల’కు మాటలు రాసినవారే.) స్టూడియోలు ఆ సంఘాన్ని గుర్తించడానికి ఏళ్లు పట్టింది. తెరమీద ‘రచన’ ఎవరిదో తేల్చే అధికారం చివరకు గిల్డ్‌కు దక్కింది. రాసినదానిమీద యాజమాన్యం దక్కలేదు. ఉద్యోగిగా రాసినదానికి కర్త యజమానే అంటుంది అమెరికా కాపీరైటు చట్టం! హక్కు ఇవ్వనక్కరలేని చోట బిరుదు ఇవ్వడం చౌక. ఆ ప్రొడ్యూసరు బిరుదులేమో గిల్డు తేల్చేవి కావు. ఒక్కొక్కరి బేరంలో తేలేవి.

ఈ బిరుదు ఎంత ఖరీదైనదో 1973 సమ్మెలో బయటపడింది. రచయితలు కలాలు దించారు. రచయితలుగానూ నిర్మాతలుగానూ ఉన్నవాళ్లను యాజమాన్యం పనికి పిలిచింది: రాయవద్దు, పర్యవేక్షించండి చాలు అన్నది. కొందరు పికెటింగు దాటి లోపలికి వెళ్లారు. గిల్డ్ వారిలో కొందరిని బహిష్కరించింది, 50,000 డాలర్ల దాకా జరిమానాలు వేసింది. తర్వాత అప్పీళ్లలో శిక్షలు బాగా తగ్గాయి. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. ఫిర్యాదులు పరిష్కరించే పర్యవేక్షకులు యాజమాన్యపు ప్రతినిధులనీ, ఆ పని చేసినందుకు సంఘం వారిని శిక్షించడం చెల్లదనీ 1978లో 5-4 మెజారిటీతో తీర్పు వచ్చింది. సభ్యత్వ కార్డు రచయితది, విధేయత యజమానిది! ఆ లోపలికి వెళ్లినవాళ్లను ద్రోహులని కొట్టిపారేయడం తేలిక. కాని సమ్మె చేస్తే రచయితగా ఒక కూలి, చేయకపోతే నిర్మాతగా ఉద్యోగం పోతుందన్న స్థితిలో వాళ్లను ఉంచింది ఎవరన్నది ముందు అడగాలి.

సలహా నిర్మాతకు ఫిర్యాదులు తీర్చే అధికారం సాధారణంగా ఉండదు. ఎవరినీ చేర్చుకోలేడు, తీసేయలేడు. కనుక అతను పేరుకే నిర్మాత, పనికి రచయిత. అతని అనుభవం మాత్రం గదిలోని కుర్ర రచయితలకు బడిలాంటిది. ఓటీటీ కాలంలో కంపెనీలు ఆ గదులనే కుదించసాగాయి. 2023లో రచయితలు 148 రోజులు సమ్మె చేసిన కారణాల్లో అదొకటి. ఒకే రచయిత మొత్తం రాసే సీరియల్ తప్ప, 13 ఎపిసోడ్లు దాటినా, సరిగ్గా 13 ఉన్నా కనీసం ఆరుగురు రచయితలుండాలనీ, అందులో ముగ్గురు నిర్మాత హోదా ఉన్న రచయితలు కావాలనీ ఒప్పందంలో రాయించుకున్నారు.