పని ప్రమాదాలు: ఎక్స్‌గ్రేషియా వేరు, నష్టపరిహారం వేరు

నర్సీపట్నం: అనకాపల్లి జిల్లా నర్సీపట్నం సమీపాన కోటవురట్ల మండలం కైలాసపట్నంలోని బాణసంచా తయారీ కేంద్రంలో 2025 ఏప్రిల్ 13న సంభవించిన పేలుడులో ఎనిమిది మంది మరణించిన విషయం విదితమే. ఇట్టి సందర్భాలలో ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా కేవలం సహాయం. యజమాని చట్టరీత్యా చెల్లించవలసిన నష్టపరిహారానికి అది ప్రత్యామ్నాయం కాదు. వార్తలలో ఈ రెండింటినీ ఒకటిగా పేర్కొన్నచో బాధిత కుటుంబాలు క్లెయిము చేయడమే మానుకొనే ప్రమాదం ఉన్నది.

కైలాసపట్నం ఘటన నాటికి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం అమలులో ఉండెను. 2025 నవంబరు 21 నుండి దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి, 2020 అమలులోకి వచ్చినది. లెక్కించు విధానం మాత్రం మారలేదు. మరణం సంభవించినచో నెలసరి వేతనంలో సగాన్ని, వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. 40 సంవత్సరాల వయస్సు, రూ.12,000 వేతనం గల కార్మికుని విషయంలో 6,000ను 184.17తో హెచ్చించగా రూ.11,05,020 అగును. శాశ్వత సంపూర్ణ అంగవైకల్యానికి వేతనంలో 60 శాతం ప్రాతిపదిక. ఈ.ఎస్.ఐ. పరిధిలోని వారికి ఆ సంస్థ ద్వారానే ప్రయోజనాలు లభిస్తాయి.

మరణించిన కేసులలో పరిహారపు సొమ్మును అధీకృత అధికారి వద్ద జమ చేయవలెను. పెద్దల సమక్షంలో కుటుంబానికి నేరుగా ముట్టజెప్పి రాజీ పత్రం వ్రాయించుకున్నంత మాత్రాన యజమాని బాధ్యత తీరదు. క్లెయిమును ప్రమాదం లేదా మరణం సంభవించిన తేదీ నుండి రెండు సంవత్సరాలలోగా దాఖలు చేయవలసి ఉంటుంది.