ఆంధ్రప్రదేశ్‌లో పూర్వ ప్రాథమిక విద్య: నాణ్యతా ప్రమాణాల చరిత్ర

మూడేళ్లు నిండిన పిల్లలకు ఒకటో తరగతిలో చేరేలోపు అంగన్‌వాడీల్లోనూ ప్రైవేటు నర్సరీల్లోనూ అందే విద్యను పూర్వ ప్రాథమిక విద్య అంటారు. దీని నాణ్యతను రెండు విధాలుగా నిర్ధారిస్తారు: బడి నడుపుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు ఒకటి, స్వతంత్ర సంస్థ బోధనను స్వయంగా పరిశీలించి, నిర్ణీత ప్రమాణాలకు సరిపోయిందని ధ్రువీకరించే మదింపు రెండోది. అమెరికాలో 1985లో మొదలైన స్వచ్ఛంద మదింపు ఈ రెండో పద్ధతికి పేరుపొందిన నమూనా కాగా, తెలుగునాట ప్రమాణాలు చాలాకాలం బోధనా పద్ధతుల రూపంలోనూ పథకాల నిబంధనల రూపంలోనూ మాత్రమే ఉన్నాయి.

దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చిన విద్యావేత్త మరియా మాంటిస్సోరి ఉపాధ్యాయ శిక్షణ తరగతులు నడపడంతో, పిల్లలు పరికరాలతో తమంతట తాము నేర్చుకునే ఆమె పద్ధతి దక్షిణాదిన వ్యాపించింది. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి పాఠశాలను స్థాపించారు. ఆమెకు 2017లో పద్మశ్రీ లభించింది. గ్రామీణ బాలవాడీలకు ఊతమిచ్చింది మాత్రం 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలిగా ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి.

1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీకి ఆరు సేవలను అప్పగించింది. వాటిలో విద్యకు సంబంధించినది ఒక్కటే. మిగిలినవన్నీ పోషకాహారం, ఆరోగ్యాలకు సంబంధించినవి కావడంతో, పిల్లల బరువు నమోదైనంత శ్రద్ధగా వారు నేర్చుకున్నది నమోదు కాలేదనడం అతిశయోక్తి కాదు. విద్యాహక్కు చట్టం (2009) సైతం ఆరేళ్లలోపు పిల్లల విద్యను హక్కుగా ప్రకటించక, ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయవచ్చునని 11వ సెక్షనులో చెప్పి ఊరుకుంది.

దేశవ్యాప్త కనీస ప్రమాణాలు పసిపిల్లల సంరక్షణ, విద్యలపై 2013 నాటి జాతీయ విధానంతో వచ్చాయి: మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్లో ఇరవై మందికి ఒక పెద్దవారు, ముప్పై మందికి కనీసం 35 చదరపు మీటర్ల గది, మాతృభాషలో బోధన. చివరి నియమం విజయవాడ, గన్నవరం చుట్టుపక్కల ఇంగ్లిషు మీడియం నర్సరీల ఆకర్షణకు ఎదురీదవలసి రాగా, మొదటి నియమం అంగన్‌వాడీలో సర్వేలూ రికార్డులూ కూడా మోసే ఒకే కార్యకర్త, ఒక ఆయాపై ఆధారపడింది.

జాతీయ విద్యా విధానం (2020) పూర్వ ప్రాథమిక దశను కూడా పాఠశాల ప్రమాణాల రాష్ట్ర సంస్థ పరిధిలోకి తేవాలని సూచించింది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో 117వ జీవోతో అంగన్‌వాడీలను పీపీ-1, పీపీ-2 తరగతులుగా బడుల వ్యవస్థలో చేర్చింది. అదే జీవో ప్రాథమిక పాఠశాలల పై తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించడంతో నిరసనలు చెలరేగాయి, 2025లో అది రద్దయింది. ఈ మధ్యలోనే, 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన సమ్మెలో, ఈ తరగతుల భారం మోసే అంగన్‌వాడీ కార్యకర్తలు ముఖ్యంగా కోరినవి వేతన పెంపు, గ్రాట్యుటీ.