వెనిల్లా ఎసెన్సు

వెనిల్లా ఎసెన్సు అనేది కేకులు, బిస్కట్లు, కస్టర్డు, ఐస్‌క్రీము వంటి తీపి వంటకాలకు సువాసనను, రుచిని కలిగించుటకు వాడే గాఢమైన ద్రవం. కిరాణా దుకాణాలలో ఇది సాధారణంగా చిన్న గాజు సీసాలలో లభిస్తుంది. తెలుగువారు ‘ఎసెన్సు’ అనే ఒకే మాటతో పిలిచేవి నిజానికి మూడు వేర్వేరు పదార్థాలు. వెనిల్లా కాయలను ఆల్కహాలులో నానబెట్టి తీసిన సహజ సారం మొదటిది. కర్మాగారంలో తయారైన వెనిలిన్ అనే పదార్థాన్ని ద్రావణిలో కరిగించి చేసిన కృత్రిమ ఎసెన్సు రెండవది. నారింజ, పుదీనా జాతి నూనెల వలె నీటిలో కలవని తైల పరిమళాలు మూడవవి. వీటి గాఢత ఒకటి కాదు. వంటల పుస్తకంలో ‘ఒక చెంచా ఎసెన్సు’ అని ఉన్నప్పుడు అది వీటిలో దేనికి చెప్పిన కొలతో తెలియకపోతే కేకు చేదెక్కడమో, వాసనే లేకపోవడమో జరుగుతుంది.

మొక్క, చరిత్ర

వెనిల్లా ఆర్కిడ్ కుటుంబానికి చెందిన ఎగబ్రాకే తీగ. దీని శాస్త్రీయ నామం వెనిల్లా ప్లానిఫోలియా. మెక్సికో దీని పుట్టినిల్లు. అక్కడి వెరాక్రూజ్ ప్రాంతపు టొటొనాక్ ప్రజలు దీనిని మొదట సాగు చేసినవారుగా ప్రసిద్ధులు. ఐరోపావారు ఈ తీగను ఇతర ఉష్ణ దేశాలకు తీసుకుపోయినప్పుడు తీగ బాగానే పెరిగింది, పూలు కూడా పూసింది, కాని కాయలు కాయలేదు. పువ్వులో పుప్పొడికి, కీలాగ్రానికి మధ్య ఒక పలుచని పొర అడ్డుగా ఉండడమే ఇందుకు కారణం. ఆ అడ్డును దాటించగల కీటకాలు ఆ దేశాలలో లేవు.

1836లో బెల్జియం శాస్త్రవేత్త షార్ల్ మోరెన్ చేతితో పరాగ సంపర్కం చేయించి కాయలు కాయించాడు. అయితే తోటలలో వాడదగిన సులువైన పద్ధతిని కనుగొన్నది ఎడ్మండ్ అనే 12 ఏళ్ళ బాలుడు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో బానిసగా ఉన్న ఈ బాలుడు 1841లో ఒక సన్నని పుల్లతో ఆ పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అద్ది చూపాడు. 1848లో బానిసత్వం రద్దయిన పిమ్మట అతనికి ఆల్బియస్ అనే ఇంటిపేరు వచ్చింది. అతని పద్ధతి వలన తోటల యజమానులు ధనవంతులైనారు. అతడు మాత్రం 1880లో పేదరికంలోనే మరణించాడు. నేటికీ మడగాస్కర్ మొదలైన దేశాలలో ఒక్కొక్క పువ్వుకూ చేతితోనే ఈ పని చేస్తారు. పువ్వు ఒక పూట మాత్రమే విచ్చుకొని ఉంటుంది కనుక ఆలస్యానికి వీలులేదు.

కాయ నుండి సారం

పచ్చి వెనిల్లా కాయకు మనకు తెలిసిన సువాసన ఉండదు. అందులోని వెనిలిన్ చక్కెర అణువుతో బంధింపబడి ఉంటుంది. కాయలను వేడి నీటిలో ముంచి, గుడ్డలలో చుట్టి ఉమ్మదీయించి, కొన్ని వారాలపాటు ఎండబెట్టి, ఆపై పెట్టెలలో నెలల తరబడి మాగబెడతారు. ఈ క్రమంలో ఎంజైములు ఆ బంధాన్ని విడదీయగా కాయ నల్లబడి వాసన బయటపడుతుంది. 5 లేక 6 కిలోల పచ్చి కాయల నుండి ఒక కిలో పదును చేసిన కాయలు వస్తాయి. వాటిలో వెనిలిన్ సుమారు 2 శాతం మాత్రమే.

ఈ కాయలను ముక్కలు చేసి నీరు, ఆల్కహాలు కలిసిన ద్రావణంలో ఊరవేసి వడకడితే సహజ సారం సిద్ధమవుతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం ఇందులో ఆల్కహాలు కనీసం 35 శాతం ఉండాలి. ఒక లీటరుకు సుమారు 100 గ్రాముల కాయలు వాడాలి. ఆ లెక్కన 20 మిల్లీలీటర్ల సీసాకు 2 గ్రాముల కాయ కావాలి. 2000లో మడగాస్కర్‌లో వచ్చిన తుఫాను తరువాత కాయల ధర పెరుగుతూ పోయి, 2003 నాటికి కిలో దాదాపు 500 డాలర్లకు చేరింది. ఆ ఆశతో కేరళ, కర్ణాటకలలో ఎందరో రైతులు వెనిల్లా వేశారు. రెండేళ్ళు తిరగకుండానే ధర పడిపోయి నష్టపోయారు. కాయ వెల ఇంత అస్థిరంగా ఉండే సరుకు చవక సీసాలో దొరుకుతుందనుకోవడం అమాయకత్వమే. చవక సీసాలో ఉండేది కృత్రిమ ఎసెన్సు.

కృత్రిమ వెనిలిన్

వెనిలిన్‌ను 1858లో ఫ్రెంచి శాస్త్రవేత్త గోబ్లే కాయల నుండి శుద్ధ రూపంలో వేరు చేశాడు. 1874లో జర్మనీకి చెందిన టీమన్, హార్మన్‌లు పైన్ జాతి చెట్లలో దొరికే కోనిఫెరిన్ నుండి దీనిని కృత్రిమంగా తయారు చేశారు. తరువాతి కాలంలో లవంగ నూనెలోని యూజెనాల్ నుండి, కాగితపు మిల్లులలో మిగిలిపోయే లిగ్నిన్ నుండి కూడా తీశారు. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే వెనిలిన్‌లో అధిక భాగం పెట్రోలియం ఆధారితమైన గ్వయకాల్ నుండి వచ్చేదే. కృత్రిమం అనగానే విషమని భయపడనవసరం లేదు. కాయలోని వెనిలిన్ అణువుకు, కర్మాగారంలోని వెనిలిన్ అణువుకు నిర్మాణంలో తేడా లేదు. తేడా ఉన్నది మిగతా వాటిలోనే. సహజ సారంలో వెనిలిన్‌తో పాటు 200కు పైగా ఇతర సుగంధ పదార్థాలు స్వల్ప మోతాదులలో ఉంటాయి.

ఇథైల్ వెనిలిన్ అనే మరొక పదార్థం కూడా వాడుకలో ఉన్నది. ఇది వెనిలిన్ కంటే సుమారు మూడు రెట్లు ఘాటైనది. ఇది కలిసిన సీసాను మామూలు సీసా వలె వంచితే వంట చెడుతుంది.

వేడిలో ఏమి జరుగుతుంది

ఆల్కహాలు 78 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. కనుక మరుగుతున్న పాలలో సారాన్ని పోస్తే ఆవిరితో పాటు తేలికపాటి సుగంధాలు కూడా పోతాయి. పాయసం, కస్టర్డు వంటి వాటిని పొయ్యి మీది నుండి దించి, కొంచెం చల్లారిన తరువాత కలపాలి. కేకు విషయంలో వెన్న, చక్కెర గిలకొట్టే దశలోనే కలపడం మేలు. వాసననిచ్చే పదార్థాలు కొవ్వులో బాగా కరిగి నిలుస్తాయి. ఓవెన్‌లో ఉన్నా, ఇసుక పోసిన కుక్కరులో ఉన్నా కేకు లోపలి భాగం 100 డిగ్రీలు దాటదు. అందుచేత లోపలి వాసన చాలావరకు మిగులుతుంది. బిస్కట్లు పలుచగా ఉండి, నీరంతా పోయేవరకు కాలుతాయి కనుక ఎక్కువ కోల్పోతాయి. ఈ కారణంగా బిస్కట్లకు ఖరీదైన సహజ సారం వాడడం వృథా అని చెప్పవచ్చు. దాని విలువ తెలిసేది ఐస్‌క్రీములోను, కస్టర్డులోను.

కొలత

250 గ్రాముల మైదాతో చేసే కేకుకు సహజ సారమైతే ఒక టీ చెంచా, అనగా 5 మిల్లీలీటర్లు సరిపోతుంది. కృత్రిమ ఎసెన్సు అయితే అర చెంచాతో మొదలుపెట్టి, సీసాపై ఇచ్చిన కొలతను చూసి పెంచుకోవాలి. తైల పరిమళాలు సారం కంటే మూడు నాలుగు రెట్లు గాఢంగా ఉంటాయి. వీటిని చుక్కలలో లెక్కించాలి. పుదీనా నూనె వంటి మరీ ఘాటైన వాటికి పుల్ల కొనను సీసాలో ముంచి పిండిలో తిప్పితే చాలు. ఏ సీసానైనా పిండి గిన్నెకు పైన పట్టుకొని వంచరాదు. పక్కన చెంచాలోకి వంచి, తరువాత గిన్నెలో వేయాలి.

గుడ్డు నీచు వాసన పోవాలని ఎసెన్సును రెట్టింపు చేయడం మన ఇళ్ళలో కనిపించే అలవాటు. మోతాదు మించిన వెనిలిన్ నాలుకకు చేదుగా తగులుతుంది, నీచు మాత్రం పోదు. తాజా గుడ్లు వాడడం, కొద్దిగా నిమ్మ తొక్క తురుము లేదా ఏలకుల పొడి చేర్చడం ఇంతకంటే మెరుగైన ఉపాయాలు. చక్కెర పొంగలిలో పచ్చకర్పూరం చిటికెడు దాటితే ఏమవుతుందో ఎరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

కరిగించిన చాక్లెట్‌లో నీరు, ఆల్కహాలు కలిసిన సారం వేస్తే అది గట్టిపడి ముద్ద కడుతుంది. అక్కడ తైల పరిమళమే వాడాలి. గిలకొట్టిన తెల్లసొనలో ఇందుకు విరుద్ధం. నూనె చుక్క పడితే నురగ కూలిపోతుంది.

ఇతర ఎసెన్సులు

అరటి ఎసెన్సులోని ముఖ్య పదార్థం ఐసోఅమైల్ ఎసిటేట్. అనాసది ఇథైల్ బ్యుటిరేట్. బాదంది బెంజాల్డిహైడ్. ఇటువంటి కృత్రిమ ఫల పరిమళాలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలోనే ప్రదర్శింపబడ్డాయి. శుద్ధి చేయని చేదు బాదం నూనెలో సైనైడ్ విషం ఉంటుంది కనుక ఆహారానికి శుద్ధి చేసినదే వాడతారు.

జాగ్రత్తలు

సువాసన చికిత్సకు, మర్దనకు అమ్మే నూనెలను వంటలో వాడరాదు. అవి ఆహార ప్రమాణాలకు లోబడి తయారైనవి కావు. నొప్పి మందులలో వాడే వింటర్‌గ్రీన్ నూనె ఒక టీ చెంచా తాగితే, అది 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు 20కి పైగా మింగినదానికి సమానం. ఇది పసిపిల్లల ప్రాణం తీయగలదు. నీలగిరి తైలం, కర్పూర తైలం కూడా పిల్లలకు మూర్ఛ తెప్పించగలవు. తీపి వాసన పిల్లలను ఆకర్షిస్తుంది కనుక ఎసెన్సు సీసాలన్నింటినీ వారికి అందని ఎత్తులో ఉంచాలి. పొరపాటున మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయక, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఆల్కహాలు ఉన్న సారానికి నిప్పంటుకునే గుణం ఉన్నది. వెలుగుతున్న పొయ్యి పక్కన వంచరాదు. ఆల్కహాలు పూర్తిగా విడిచినవారు గ్లిసరిన్‌లో చేసిన రకాన్ని ఎంచుకోవచ్చు. ఎందుకంటే కాలిన కేకులో కూడా కొంత ఆల్కహాలు మిగులుతుంది.

సీసాపై చీటీ

భారతదేశపు 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు పరిమళ ద్రవ్యాలను సహజమైనవి, సహజ సమానమైనవి, కృత్రిమమైనవి అని మూడు తరగతులుగా విభజించాయి. కర్మాగారంలో చేసిన వెనిలిన్ రెండవ తరగతికి చెందుతుంది. ప్రకృతిలో వెనిల్లా కాయలో లేని ఇథైల్ వెనిలిన్ మూడవ తరగతిలోనిది. వెనిల్లాను పోలిన వాసన గల టోంకా గింజలను, వాటిలోని కూమరిన్‌ను ఆ నిబంధనలు నిషేధించాయి. కూమరిన్ కాలేయానికి హాని చేస్తుందన్న కారణంతో అమెరికా 1954లోనే దానిని ఆహారంలో నిషేధించింది.

సారాన్ని గాజు సీసాలోనే, మూత బిగించి, వెలుతురు తగలని చల్లని చోట ఉంచాలి. ఫ్రిజ్ అవసరం లేదు. నారింజ నూనెలోని లిమొనీన్ థర్మోకోల్‌ను సైతం కరిగిస్తుంది కనుక తైల పరిమళాలను ప్లాస్టిక్ డబ్బాలలోకి మార్చరాదు.