గోడే వారి వేధశాల

భీమవరం నుంచో నరసాపురం నుంచో చదువుకోసం విశాఖపట్నం వెళ్లినవాళ్లకు ఏవీఎన్ కాలేజీ తెలుసు. ఆ మూడక్షరాల వెనక ఉన్నది అంకితం వెంకట నరసింగరావు అని కొందరు చెప్పగలరు. ఆయన డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని, మామగారి దుర్భిణి బాధ్యత నెత్తిన వేసుకున్నారన్న సంగతి మాత్రం ఆ కాలేజీలో చదివినవాళ్లలోనే ఎందరికి తెలుసో అనుమానం.

మామగారు గోడే వెంకట జగ్గారావు. 1817లో పుట్టారు. జమీందారు సరదా అనగానే మన వైపు కోడిపుంజులూ మేజువాణీలూ గుర్తొస్తాయి. ఈయన సరదా వేరు. మద్రాసు వెళ్లి, అక్కడి ఈస్టిండియా కంపెనీ వేధశాల నడిపే టి.జి. టేలర్ దగ్గర గణితం, ఖగోళం నేర్చుకున్నారు. తిరిగొచ్చి 1840లో విశాఖ డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. అందులోని దుర్భిణి కటకం వెడల్పు 4.8 అంగుళాలు.

రాత్రి మేడ మీద చేసే ఈ పని పగలు ఊరందరికీ పనికొచ్చింది. ఫలానా నక్షత్రం సరిగ్గా నడినెత్తి రేఖ దాటే క్షణాన్ని పట్టుకుంటే గడియారం ఎంత ముందుందో, ఎంత వెనకబడిందో తేలిపోతుంది. అలా సరిదిద్దిన టైముతో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండా కొయ్య నుంచి ఉదయం 9 గంటలకు సంకేతం ఇచ్చేవారు. రేవులో ఓడలకు అది ప్రాణాధారం. గడియారం 4 సెకన్లు తప్పితే నడిసముద్రంలో ఓడ లెక్క తూర్పుకో పడమరకో మైలుకు పైగా తప్పుతుంది మరి.

జగ్గారావు 1856లో, నలభై నిండకుండానే కన్నుమూశారు. ఇలాంటి సరదాలు మామూలుగా యజమానితోనే పోతాయి. ఇక్కడ అల్లుడు నిలబెట్టారు.

నరసింగరావుకు కాలం కూడా కలిసొచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దానికోసం ఫ్రాన్స్ నుంచి ఖగోళజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చాడు. భీమవరానికి ఉప్పుటేరు అవతల, మచిలీపట్నంలో మద్రాసు ప్రభుత్వ ఖగోళజ్ఞుడు పాగ్సన్ మకాం వేశాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగులో ఆ రోజు కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం అనే కొత్త మూలకానికి దారి చూపింది. తెలుగు నేల మీద దొరల డేరాలు లేచిన ఆ ఏడాదే విశాఖలో నరసింగరావు కూడా తన పరికరాలతో గ్రహణాన్నీ, నవంబరులో బుధుడు సూర్యబింబాన్ని దాటడాన్నీ పరిశీలించారు. 1871లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ను ఫెలోగా చేర్చుకుంది.

1874 డిసెంబరు 9న శుక్రుడి వంతు. సూర్యబింబం మీద నల్ల చుక్కలా శుక్రుడు జరిగిపోయే ఆ దృశ్యం అంతకుముందు చివరిసారి కనిపించింది 1769లో. దానికోసం నరసింగరావు ఇంగ్లండు కుక్ కంపెనీ తయారుచేసిన 6 అంగుళాల దుర్భిణి తెప్పించారు. చూసింది రాసి లండన్ పంపారు. ఉద్యోగం కాదు, జీతం లేదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఇద్దరు సభ్యుల ఆస్ట్రానమీ క్లబ్బు, అదీ ఒకరి తర్వాత ఒకరు.

ఆ క్లబ్బులో మూడో మనిషి నరసింగరావు భార్య, జగ్గారావు కూతురు. 1892లో భర్త పోయాక వేధశాల భారం ఆమె మీద పడింది. కాలేజీకి విరాళమిచ్చిందీ ఆమే. దాని పూర్తి పేరులో ‘మిసెస్’ ఉన్నది అందుకే. 1894లో వేధశాల మద్రాసు ప్రభుత్వం చేతికి వెళ్లింది.

ఏడేళ్లకు హైదరాబాదులో ఇదే కథ మళ్లీ మొదలైంది. 1901లో నవాబు జఫర్ జంగ్ ఫిసల్‌బండలో సొంత వేధశాల తలపెట్టి, గ్రబ్ కంపెనీ తయారుచేసిన 15 అంగుళాల దుర్భిణి కొన్నారు. 1907లో ఆయన పోవడంతో మరుసటేడు నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. వేధశాల బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కలిసింది. నవాబు కొన్న పెద్ద దుర్భిణిని బిగించింది మాత్రం 1922లో.