ఆకాశం నుంచి పట్టణ భూముల కొలత: హుస్నాబాద్‌లో 'నక్ష' సర్వే, లైడార్ పరిజ్ఞానం

పట్టణ భూముల రికార్డుల ఆధునికీకరణకు కేంద్ర భూవనరుల శాఖ చేపట్టిన 'నక్ష' ప్రయోగాత్మక కార్యక్రమంలో సిద్దిపేట జిల్లా హుస్నాబాద్ పురపాలక సంఘానికి చోటు లభించింది. 2025 ఫిబ్రవరి 18న మధ్యప్రదేశ్‌లోని రాయిసేన్‌లో ప్రారంభమైన ఈ కార్యక్రమం 26 రాష్ట్రాలు, 3 కేంద్రపాలిత ప్రాంతాల్లోని 152 పట్టణాలకు ఉద్దేశించినది. తెలంగాణ నుంచి ఎంపికైన పది పట్టణాల్లో హుస్నాబాద్‌తో పాటు వేములవాడ, యాదగిరిగుట్ట, జగిత్యాల, కొడంగల్ ఉన్నాయి. సుమారు 194 కోట్ల రూపాయల వ్యయాన్ని పూర్తిగా కేంద్రమే భరిస్తుంది. తెలంగాణ రెవెన్యూ వాడుకలో నక్షా అంటే గ్రామ పటమే గనుక, ఈ పేరు ఇక్కడి ప్రజలకు కొత్త కాదు.

సాగు భూములకు సర్వే నంబరు, పహాణీ, పటం ఉన్నాయి. గ్రామకంఠంలోని ఇండ్లకు విడివిడిగా అటువంటి పటం లేదు. గ్రామ పంచాయతీ నుంచి పురపాలక సంఘంగా ఎదిగిన హుస్నాబాద్ వంటి ఊళ్లలో ఇంటి పన్ను రశీదునే యాజమాన్యానికి ఆధారంగా చూపడం పరిపాటి. పన్ను రశీదు హక్కు పత్రం కాజాలదు. అన్నదమ్ముల పంపకాల్లోను, బ్యాంకు రుణాల విషయంలోను చిక్కులు ఇక్కడే మొదలవుతున్నాయి.

వైమానిక చిత్రీకరణ బాధ్యత 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియాది. క్షేత్రస్థాయి పరిశీలన రాష్ట్ర యంత్రాంగానిది. నిట్టనిలువుగా చిత్రించే కెమెరా, ఐదు కోణాల కెమెరా, ఏటవాలు కెమెరాతో కూడిన లైడార్ అనే మూడు పద్ధతులను కార్యక్రమంలో నిర్దేశించారు.

లైడార్ అంటే లేజర్ కిరణాలతో దూరాన్ని కొలిచే విధానం. విమానం లేదా డ్రోన్ నుంచి సెకనుకు లక్షలాది కిరణాలు నేలకు వెళ్లి తిరిగి వస్తాయి. వాటికి పట్టిన కాలాన్ని బట్టి ఎత్తు తెలుస్తుంది. చెట్ల ఆకుల సందుల గుండా కొన్ని కిరణాలు నేలను తాకుతాయి గనుక, ఫోటోలో కనిపించని నేల మట్టం కూడా నమోదవుతుంది. అయితే సాధారణ లైడార్ కిరణం నీటిని దాటలేదు. ఎల్లమ్మ చెరువు వంటి జలాశయాలున్న పట్టణంలో పూర్తి నీటిమట్టం హద్దును, శిఖం భూమిని ఎత్తుల ఆధారంగా నిర్ధారించాలంటే, నీరు తగ్గి ఆకు రాలిన వేసవి నెలలే అనుకూలం. వర్షాకాలంలో మేఘాలు సైతం అడ్డంకియే.

ఇటువంటి పనుల్లో అందరి దృష్టి విమానంపైనే ఉంటుంది. వాస్తవానికి ఎగరడం అతి తక్కువ కాలం పట్టే పని. ముందుగా అనుమతులు పొందాలి, నేలపై నియంత్రణ బిందువులను జీపీఎస్‌తో కచ్చితంగా స్థాపించాలి, ఒక వరుస మరొక వరుసపై కొంత మేర పడేటట్లు మార్గాలను గీయాలి. పిమ్మట కోట్లాది బిందువులను నేల, కట్టడం, చెట్టు అని వేరుచేయాలి. గుత్తేదారు ఉపయోగించని వేరే బిందువులతో ఫలితాన్ని సరిచూడటం తప్పనిసరి. ఒప్పంద పత్రంలో ఈ షరతు లేనిచో, లోపం పటం ముద్రించిన తరువాతే బయటపడుతుంది.

ఎంత సూక్ష్మమైన చిత్రమైనా గోడను చూపగలదు గాని, ఆ గోడ ఎవరిదో చెప్పలేదు. అందువలన సిబ్బంది ఇంటింటికీ వెళ్లి పత్రాలను పరిశీలించవలసి ఉంటుంది. ముసాయిదా ప్రకటించిన తరువాత అభ్యంతరాల స్వీకరణ, విచారణ జరుగుతాయి. యజమానులు రిజిస్ట్రేషన్ దస్తావేజులు, వారసత్వ పత్రాలు, పన్ను రశీదులు సిద్ధంగా ఉంచుకొని, కొలతల సమయంలో ఇరుగుపొరుగువారితో సహా హాజరు కావడం మేలు. ఉపాధి కోసం దూర ప్రాంతాలకు వెళ్లిన కుటుంబాలకు ముసాయిదా సమాచారం సకాలంలో చేరేలా అధికారులు ప్రత్యేక శ్రద్ధ వహించవలసి ఉన్నది.